గోడ అవతలి నుంచి అందిన మాట

మే నెల దాటిందంటే జక్మెల్ ఊరు ఊరంతా గొణగడం మొదలవుతుంది. తొమ్మిదో తరగతి సర్కారు పరీక్ష రాయాల్సిన పిల్లలెవరూ ఇంట్లో కూర్చుని చదవరు. ఇంట్లో చోటెక్కడ ఏడ్చింది గనక! ఒక్కొక్కరూ ఒక్కో గోడ చూసుకుంటారు. దాని వెంబడి ఈ కొస నుంచి ఆ కొసకీ, ఆ కొస నుంచి ఈ కొసకీ నడుస్తూ, పుస్తకం వీపు వెనక దాచి, కళ్ళు మూసుకుని పాఠం గొంతెత్తి అప్పజెప్పుకుంటారు. శ్మశానం గోడ, చర్చి గోడ, మార్కెట్టు వెనక గోడ, ఏదీ ఖాళీగా ఉండదు. పుస్తకమేమో ఫ్రెంచిలో ఉంటుంది. ఇంట్లో తిట్టుకునేదీ నవ్వుకునేదీ క్రియోల్లో. అందుచేత పాఠం నోటికొచ్చిందంటే బుర్రకెక్కిందని ఎవరూ అనుకోరు. అలాగని ఎవరూ బాధపడరు కూడా. బాధపడాల్సిన సంగతే, కానీ మా వాళ్ళకి అలవాటైపోయింది.

ఈ గోడల దగ్గర ఒక మర్యాద ఉంది. పాఠం మధ్యలో ఎవరైనా తడబడి ఆగిపోతే, పక్క గోడ దగ్గర నడిచేవాళ్ళు ముక్కూ మొహం తెలియనివాళ్ళయినా సరే, తర్వాతి మాట అందించాలి. అందిన మనిషి "అందుకున్నా!" అని కేకేసి ముందుకు సాగాలి. రేపు వాళ్ళు తడబడ్డప్పుడు వీళ్ళు అందించాలి. ఈ మర్యాద తప్పినవాళ్ళని పరీక్షలయ్యేదాకా పిల్లలు పేరు పెట్టి పిలవరు.

రోజ్మెన్ ఆ ఏడు పరీక్ష రాయడానికి కొండ మీది పల్లె నుంచి ఆలస్యంగా దిగింది. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క చుట్టం క్లెసీనా పిన్ని. అరటికాయ ముక్కలు అదిమి నూనెలో వేయించి, మంట పుట్టే క్యాబేజీ పచ్చడితో బడి గేటు ముందు అమ్ముకునే మనిషి. ఆవిడ మూకుడు ఎంత వేడో నోరు కూడా అంతే.

"పాసయ్యావా, పై చదువుకి పంపిస్తా. తప్పావా, ఈ గరిటె నీది. ఇంకో ఏడు నిన్ను గోడల వెంట తిప్పడం నా వల్ల కాదు. ముందే చెబుతున్నా, తర్వాత మూతి ముడుచుకోకు," అంది పిన్ని మొదటిరోజే.

రోజ్మెన్‌కి గరిటె అంటే భయం లేదు. బడి గేటు ముందు నిలబడి, లోపలికి పోయే పిల్లల్ని జీవితాంతం చూస్తూ ఉండాల్సి వస్తుందేమోనని భయం. ఆ భయంతోనే ఆమె గోడ కోసం ఊరంతా తిరిగింది. సముద్రం దగ్గర పాత కాఫీ గోదాము వెనక గోడ ఒక్కటే ఖాళీగా దొరికింది. పొడుగాటి గోడ, చక్కటి నీడ. అంత మంచి చోటు ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు పట్టుకోలేదా అని అనుకోవాల్సింది. తన అదృష్టమనుకుంది.

ఆ మధ్యాహ్నం వాన పాఠం పట్టింది.

"సూర్యరశ్మిచే తప్తమైన సముద్రజలము ఆవిరియై ఆకాశమునకు ఎగయును. అచ్చట... అచ్చట..."

"శీతలత్వమును పొంది," అంది గోడ అవతలి నుంచి ఒక ఆడగొంతు.

"అందుకున్నా!" అని కేకేసి రోజ్మెన్ మిగతా పాఠం గడగడా లాగేసింది. గోదాము లోపల ఇంకో పిల్ల చదువుకుంటోందన్నమాట. తనకంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. తెల్లారినప్పటి నుంచీ నీళ్ళు తాగకుండా అప్పజెబుతున్నట్టు గొంతు కాస్త బొంగురుపోయింది.

తోడు దొరికిందని రోజ్మెన్ సంబరపడింది. ఆ పిల్లకి రాని పాఠం లేదు. ఎక్కడ ఆగితే అక్కడ మాట వచ్చి పడేది. అవతలి అడుగుల చప్పుడు కూడా వినబడేది. ఉత్త కాళ్ళతో నడక, ఇవతలి నడకకి సరిగ్గా జోడీగా. రోజ్మెన్ కొస దాకా పోయి తిరిగితే అవీ తిరిగేవి. రోజ్మెన్ ఆగితే అవి ఇంకొక్క అడుగు వేసి ఆగేవి.

మొదట్లో తను ఆగిపోయాకే మాట అందేది. కొన్నాళ్ళకి ఆగబోతుండగానే అందడం మొదలైంది. ఆ తర్వాత తను నోరు తెరవకముందే అవతలి గొంతు ఎత్తుకునేది, తను వెనకాలే పట్టుకుపోయేది. పాఠాలు ఎంత తొందరగా నోటికొచ్చాయంటే, రోజ్మెన్ పుస్తకం తీసుకెళ్ళడమే మానేసింది. 'ఇక నేను తప్పను' అని పిన్నితో గొప్పలు కూడా పోయింది.

శనివారాలు దియెనోర్ మాస్టారు తన ఇంటి ముందు రేకుల పంచలో పిల్లల్ని కూర్చోబెట్టి పరీక్షకి తయారుచేసేవాడు. ఇంకా పెళ్ళి కాని కుర్రాడు, బక్కపలచటి మనిషి, వెటకారం ఎక్కువ. పిన్ని ఇచ్చే వేడివేడి అరటి ముక్కలే ఆయనకి జీతం.

"నమలకుండా మింగేవాళ్ళకి నా దగ్గర మందుంది," అని మొదలుపెట్టాడు ఆ శనివారం. "రోజ్మెన్ అమ్మాయ్, మన దేశంలో జిల్లాలెన్నో చెప్పు."

రోజ్మెన్ లేచి నిలబడింది. "మన గణతంత్రము తొమ్మిది జిల్లాలుగా విభజింపబడియున్నది. అవి ఏవనగా..." అని వరసగా చెప్పుకుపోయింది.

"ఆగాగు! తొమ్మిదేమిటి? నీప్ ఏది? మా అమ్మ పుట్టిన ఊరున్న జిల్లా తల్లీ అది! పొద్దున్నే పచ్చడి నంజుకుని మింగేశావా?"

పిల్లలు పగలబడి నవ్వారు. నీప్ కొత్తగా ఏర్పడ్డ జిల్లా. ఇప్పటి పుస్తకంలో పది ఉంటాయి. పది అని రోజ్మెన్ తన కళ్ళతో చదివింది కూడా. ఆ మాట చెప్పి కూర్చుందామనుకుంది. నోరు ఆగలేదు. జిల్లాలయ్యాయి, నదులయ్యాయి, పర్వతాలయ్యాయి. మాస్టారు "చాలు, కూర్చో" అంటున్నా, చెయ్యి పట్టుకుని కుదుపుతున్నా, పాఠం చివరి వాక్యం దాకా నోరు తనంతట తనే చెప్పుకుపోయింది. నవ్వుతున్న పిల్లలు ఒక్కొక్కరే నవ్వు ఆపేశారు. మాట్లాడుతున్న గొంతు బొంగురుగా ఉంది. రోజ్మెన్‌ది కోయిలలాంటి గొంతని వాళ్ళందరికీ తెలుసు.

మాస్టారు మిగతా పిల్లల్ని ఇళ్ళకి పంపేశాడు. గ్లాసుడు నీళ్ళిచ్చి, ఆమె తాగేదాకా చూసి అడిగాడు.

"ఏ గోడ దగ్గర నడుస్తున్నావు?"

"కాఫీ గోదాము వెనక, మాస్టారూ. అవతల ఇంకో అక్క కూడా చదువుతోంది. నాకు మాట అందిస్తుంటుంది."

ఆయన మొహంలో వెటకారం మాయమైంది. "గోదాము కాపలావాడి కూతురు ఉండేది, జెజులా అని. నేను చదువుకునేటప్పుడు. అప్పట్లో జిల్లాలు తొమ్మిదే. గోడ అవతల తను, ఇవతల మేము. మాలో ఎవరు తడబడినా తనే అందించేది, ఒక్క అక్షరం పొల్లు పోయేది కాదు. కానీ పరీక్షలో ప్రశ్న కాస్త తిప్పి అడిగారంటే తెల్లకాగితం ఇచ్చి వచ్చేసేది పాపం. అర్థం తర్వాత చూసుకోవచ్చు, ముందు కంఠస్థం పట్టమనేవాళ్ళు బళ్ళో. మూడుసార్లు తప్పింది. నాలుగోసారి తిండి మానేసి చదివింది. ఒళ్ళు కాలిపోతున్నా నడక మానలేదు. పరీక్షకి వారం ముందు పోయింది."

"మరి లోపల ఇప్పుడెవరుంటున్నారు?" అంది రోజ్మెన్.

"ఎవరూ ఉండరు. కప్పు కూలి ఏళ్ళయింది. గోడని ఆనుకుని అంతా ముళ్ళకంప. అక్కడ మనిషన్నవాడు అడుగు వెయ్యలేడు."

రోజ్మెన్‌కి గోడ అవతలి ఆ ఉత్త కాళ్ళ అడుగులు గుర్తొచ్చాయి.

ఆ రోజు నుంచి గోడ దగ్గరికి పోవడం మానేసింది. మానేస్తే ఆ గొంతు ఊరుకుంటుందా? "ఒసే, డబ్బాలో ఉప్పుందేమో చూడవే," అంది పిన్ని ఓ పొద్దున. రోజ్మెన్ డబ్బా మూత తీసింది. ఉందో లేదో చెబుదామని నోరు తెరిచింది.

"లవణము సముద్రజలమునుండి లభించు ఘనపదార్థము. ఇది శ్వేతవర్ణమై..."

"ఏమిటే ఆ భాష! బిషప్పు గారికి కోడలివా?" అని పిన్ని పకపకా నవ్వింది. నవ్వుతూ ఇటు తిరిగింది. రోజ్మెన్ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, పెదాలు మాత్రం ఉప్పు పాఠం చెబుతూనే ఉన్నాయి. పిన్ని గబగబా శిలువ గుర్తు వేసుకుంది. ఆ పూట మూకుడు పొయ్యి మీద పెట్టలేదు. పిల్లని రెక్క పట్టుకుని మాస్టారి ఇంటికి లాక్కుపోయింది.

"పుస్తకం ముయ్యి," అన్నాడు మాస్టారు అంతా విని. "ఇక గోడలకి అప్పజెప్పకు. మీ పిన్నికి చెప్పు. మనింటి మాటలో, మీ పిన్నికి అర్థమయ్యేలా చెప్పు. ఎక్కడ నీళ్ళు నములుతావో అక్కడే నీకు రానిది దాక్కుని ఉంటుంది. అప్పుడు మాత్రం పుస్తకం తెరిచి ఆ ముక్క చూసుకుని, మళ్ళీ మూసెయ్యి."

"నాకెందుకయ్యా చదువులు, నాకేం అర్థమవుతాయి!" అంది పిన్ని.

"అందుకేనమ్మా నువ్వు కావాలి. అర్థం కాకపోతే నువ్వు ఊరుకోవు కదా!"

పిన్ని నిజంగానే ఊరుకోలేదు. చిక్కుడు గింజల కుండ పొయ్యి మీద ఉడుకుతోంది. వాన ఎందుకు పడుతుందో చెప్పమంది. రోజ్మెన్ పెనుగులాడింది. ఒక్కో మాటా ముల్లు తీసినట్టు తీయాల్సి వచ్చింది. చివరికి కుండ మీది మూత ఎత్తి చూపించింది. "ఇదిగో పిన్నీ, సముద్రమే ఈ కుండ. ఎండే పొయ్యి. పైన ఆకాశంలో చల్లగా ఉంటుంది చూడు, అదే మూత. మూతకి పట్టిన ఈ చెమటే వాన."

"ఓసి నీ దుంప తెగ! ఇంతేనా?" అంది పిన్ని నోరు తెరిచి.

అది సొంత మాట. చాలా రోజుల తర్వాత రోజ్మెన్ నోట సొంత మాట పలికింది. ఆ సంతోషంలో ఇంకా ఏదో చెప్పబోయి, సరైన మాట కోసం ఒక్క క్షణం ఆగింది.

"శీతలత్వమును పొంది," అంది గొంతు, పొయ్యి వెనకున్న రేకు అవతలి నుంచి.

పిన్ని చేతిలో గరిటె ఆగిపోయింది. ఆవిడకీ వినబడింది. ఆ రేకు అవతల సందు లేదు, మనిషి పట్టే చోటే లేదు. పక్కింటి రాతిగోడకి ఆనించి కొట్టిన రేకు అది.

అక్కణ్ణుంచి అదే వరస. మాట్లాడుతున్నంతసేపూ ఏమీ లేదు. ఆలోచించడానికి ఆగిందో, ఏదో ఒక గోడ వెనక నుంచి పుస్తకం మాట వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటుంది, నోరు దాని వెంట పోతుంది. పరీక్షలో ఆలోచించకుండా ఎలా రాయడం? జిల్లాలు అడిగితే చెయ్యి తొమ్మిది రాసేస్తుంది. ప్రశ్న తిప్పి అడిగితే తెల్లకాగితమే. జెజులా లాగే. ఆ పేరు తలుచుకోగానే రోజ్మెన్‌కి భయంతో పాటు ఇంకోటి కూడా తోచింది. అన్నాళ్ళ నుంచీ ఆ పిల్ల తనకి మాటలు అందిస్తూనే ఉంది, తను ఒక్కసారి కూడా తిరిగి అందించలేదు. అందించడానికి ఆ పిల్ల తడబడితే కదా!

పరీక్షకి ముందురోజు ఎండ మండిపోతుండగా రోజ్మెన్ గోదాము దారి పట్టింది. పిన్ని జపమాల పట్టుకుని వీధి మలుపు దాకా వచ్చి, అక్కడ చతికిలబడింది. "నా కాళ్ళు రానంటున్నాయే. ఇక్కడి నుంచే చూస్తుంటా, కేకెయ్యి," అంది.

గోడ ఎప్పటిలాగే చల్లగా ఉంది. రోజ్మెన్ ఈసారి నడవలేదు. గోడకి ఎదురుగా నిలబడింది.

"అక్కా, వాన ఎందుకు పడుతుంది?"

"సూర్యరశ్మిచే తప్తమైన సముద్రజలము..." గొంతు వెంటనే అందుకుంది, అవతల అడుగులూ కదిలాయి. అది అయ్యేదాకా రోజ్మెన్ ఆగింది.

"అది కాదక్కా. ఎందుకు పడుతుంది?"

"సూర్యరశ్మిచే తప్తమైన సముద్రజలము..."

మళ్ళీ మొదటి నుంచి చివరిదాకా, అదే వేగం, అదే బొంగురు. రోజ్మెన్‌కి పారిపోవాలని ఉంది. గోడకి చెయ్యి ఆనించి మళ్ళీ అడిగింది.

"పుస్తకం వద్దక్కా. నీకేం తెలుసో నాకు మన మాటలో చెప్పు."

"సూర్యరశ్మిచే... సూర్య..."

గొంతు ఆగింది. అవతల అడుగులు కూడా ఆగాయి. అప్పుడు గోడకి పెదాలు ఆనించి మాట్లాడినంత దగ్గరగా, ఇంటి మాటలో, చిన్నపిల్ల గొంతుతో వినబడింది.

"నాకు తెలీదే. నాకెవరూ చెప్పలేదు."

రోజ్మెన్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నాళ్ళూ భయపడ్డది ఈ పిల్లకా! కళ్ళు తుడుచుకుని గోడ మొదట్లో కూర్చుంది. కుండ, పొయ్యి, మూత, చెమట, అన్నీ చెప్పింది.

కాసేపటికి అవతలి నుంచి వచ్చింది. "మరి వాన ఉప్పగా ఉండదేం? సముద్రం ఉప్పే కదా!"

ఇది పిన్ని అడగని ప్రశ్న. పుస్తకంలోనూ లేదు. "ఉండక్కా, ఆలోచించనీ," అంది రోజ్మెన్. అని ఆగింది. ఎవరూ ఏమీ అందించలేదు. అవతల ఆ పిల్ల కూడా ఊపిరి బిగబట్టి కాచుకుని ఉంది.

"చిక్కుడు గింజల్లో ఎంత ఉప్పేసినా మూత మీది చెమట చప్పగానే ఉంటుంది. ఆవిరే పైకి పోతుందక్కా. ఉప్పు కుండలోనే ఉండిపోతుంది."

గోడ వెనక ఎవరో నవ్వారు. ముళ్ళకంపలో గాలి కదిలినట్టు చిన్న నవ్వు. ఆ తర్వాత ప్రశ్నలే ప్రశ్నలు. నదులు ఎందుకు వంకర పోతాయి? చెట్లు కొట్టేస్తే మన్ను ఎందుకు కొట్టుకుపోతుంది? రోజ్మెన్ తెలిసినవి చెప్పింది, తెలియనివి తెలియవంది. జిల్లాలు పదయ్యాయని చెబితే ఆ పిల్ల నమ్మలేదు. "నీప్‌కి పెద్ద ఊరేది?" అంటే "మిరగ్వాన్" అంది రోజ్మెన్. "ఎప్పుడు ఏర్పడింది?" అంటే మాట మార్చేసింది. 'నువ్వు పోయాక' అని ఎలా అంటుంది?

నీడలు సాగేసరికి పిన్ని మలుపు దగ్గర నుంచి పిలిచింది. రోజ్మెన్ లేచింది.

"రేపు నేనూ వస్తా," అంది గొంతు.

రోజ్మెన్ ఒక అడుగు వెనక్కి వేసింది.

"నీ చోట కూర్చోనులే. వెనక కూర్చుంటా."

పరీక్ష వేరే బళ్ళో. ఇన్విజిలేటర్ ఎవరో పొరుగూరి ముసలాయన. "నోరు విప్పినవాళ్ళ కాగితం లాక్కుని బయటికి పంపిస్తా. పక్కవాడికి ఒక్క మాట అందించినా అంతే," అని మొదటే గట్టిగా చెప్పాడు. రోజ్మెన్ వెనక బల్ల ఖాళీ. దాని తాలూకు పిల్ల రాలేదట.

ప్రశ్నలు తిప్పే అడిగారు. కొండల మీద చెట్లు నరికితే ఊళ్ళోకి వరద ఎందుకొస్తుందో రాయమన్నారు. రోజ్మెన్ కలం ఆపి ఆలోచించింది. చుట్టూ నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం తనదే. తన బుర్రలోంచే మాటలు మెల్లగా, వంకరటింకరగా వచ్చాయి. వాటినే తనకొచ్చిన ఫ్రెంచిలోకి దించింది. రాసిన ప్రతి వాక్యానికీ అర్థం ఏమిటో తనకి తెలుసు. అంత హాయి ఆమెకి ముందెప్పుడూ లేదు.

ఆఖరి ప్రశ్న జిల్లాలు, వాటి ముఖ్య పట్టణాలు. పదీ రాసి గీత గీస్తుండగా వెనక బల్ల కిర్రుమంది.

"ఏయ్," అంది బొంగురు గొంతు, చెవికి దగ్గరగా. "నీప్‌కి పెద్ద ఊరేది? నిన్న చెప్పావు. మరిచిపోయానే."

రోజ్మెన్ కలం బిగించి పట్టుకుంది. జెజులా తడబడింది. బతికున్న రోజుల్లో గానీ ఆ తర్వాత గానీ, మరిచిపోయిన మాట అందించమని ఒకరిని అడగడం ఇదే మొదటిసారి. ఇప్పుడు నోరు విప్పితే పరీక్ష పోతుంది. పిన్ని మూకుడు కళ్ళ ముందు కనబడింది, బడి గేటు కనబడింది. అడగడం అయిపోయింది. అందించేదాకా కాచుకుని ఉండటమే ఇక ఆ పిల్ల పని. కాచుకోవడం ఆ పిల్లకి బాగా అలవాటే.

"మిరగ్వాన్," అంది రోజ్మెన్ పైకి.

గది మొత్తం తలెత్తింది. ముసలాయన విసవిసా వచ్చాడు. "ఎవరికి అందిస్తున్నావు?" అంటూ ఆమె కాగితం మీద చెయ్యి వేశాడు.

"వెనక ఉన్న అక్కకి, సార్."

"వెనక ఎవరే? వెనక ఖాళీ..." అంటూ ఆయన తలెత్తి ఆ బల్ల వైపు చూశాడు.

కాగితం మీద చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. కలం గీరుకుంటున్న చప్పుడు రోజ్మెన్‌కి స్పష్టంగా వినబడుతోంది. ఆయనకీ వినబడుతోందని ఆయన మొహమే చెబుతోంది. వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వరసల మధ్య ఎన్నిసార్లు తిరిగినా ఆ బల్ల దగ్గరికి వచ్చేసరికి పక్కకి తప్పుకుని, చప్పుడు కాకుండా మునివేళ్ళ మీద దాటాడు. రాసుకునేవాళ్ళకి అడ్డు రాకూడదని పెద్దవాళ్ళు నడిచే నడక అది.

రోజ్మెన్ పాసైంది. రేడియోలో తన నంబరు చదివినప్పుడు పిన్ని గరిటె గాల్లోకి విసిరి పక్కింటాయన నెత్తి పగలగొట్టినంత పని చేసింది. ఆ సంబరం అందరికీ తెలుసు. రోజ్మెన్ ఎవరికీ చెప్పుకోనిది మాత్రం గంట కొట్టినప్పటి సంగతి.

గంట కొట్టగానే "కలాలు కింద పెట్టండి" అన్నాడు ముసలాయన. అందరూ పెట్టేశారు, రోజ్మెన్ కూడా పెట్టేసింది. వెనక గీరుకుంటున్న చప్పుడు ఆగలేదు. కాగితాలు పోగుచెయ్యడానికి వచ్చి ఆయన ఆ వరస దగ్గర ఆగిపోయాడు. పిల్లలు విసుక్కుంటున్నా, బయట ఇంకో పంతులు తొందరపెడుతున్నా, చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డాడు. చివరికి కలం బల్ల మీద పెట్టిన చిన్న చప్పుడైంది.

"అయ్యిందా, తల్లీ?" అన్నాడు ముసలాయన.

ఆయన చూపు రోజ్మెన్ మీద లేదు.